ముందు అరచెయ్యి పెట్టి చూడండి

పాత టూ-స్ట్రోక్ బండి కొనడానికి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఒకటే. చుట్టూ తిరక్కండి, సీటెక్కి ఊగకండి, రంగు చూసి మురిసిపోకండి. ముందు ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉందా, కూర్చుని మాట్లాడండి. వేడిగా ఉందా, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, నమస్కారం పెట్టి, వచ్చిన దారినే వచ్చేయండి. మీరు రాకముందే వాడు దాన్ని స్టార్ట్ చేసి పెట్టాడంటే, చల్లగా ఉన్నప్పుడు అది ఓ పట్టాన స్టార్ట్ కాదని అర్థం. లోపల ఏదో ఉంది, దాస్తున్నాడు. వేడి మీద ప్రతి బండీ బుద్ధిమంతురాలే.

ఊళ్ళో నన్ను స్పానరక్క అంటారు. ఆడది స్పానర్ పట్టుకుందని వెక్కిరించడానికి పెట్టిన పేరది. ఆ వెక్కిరించినవాళ్ళే తర్వాత బండ్లు తోసుకుంటూ నా షాపుకి వచ్చారు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఎవరు పాత బండి కొనాలన్నా నన్ను వెంట తీసుకెళ్తారు. మట్టి ట్రాక్ మీద దూకించే బండ్లయితే మరీను. పన్నెండేళ్ళలో వందల బండ్ల మీద చెయ్యి పెట్టాను. ఒక్కసారే నా మాట నేను వినలేదు.

ఒక ఎండాకాలం మేం అమ్మకానికి పెట్టిన బండి మా తమ్ముడిది. వాణ్ణి ఇంట్లో చిన్నోడు అనేవాళ్ళం. ఇరవై మూడేళ్ళొచ్చి గుమ్మం తలకి తగిలేంత పొడుగైనా చిన్నోడే. చలికాలం చివర్లో, ఊరి బయట ట్రాక్ మీద ప్రాక్టీసు చేస్తూ మూడో దిబ్బ దగ్గర ఎగిరాడు. బండి లేచింది గానీ వాడు లేవలేదు.

బండిని ఎవరో ఆటోలో వేసి ఇంటికి చేర్చారు. వంగిన హ్యాండిల్ సరిచేశాను, ముందు చక్రం మార్చాను. ఇంజన్ మాత్రం ముట్టుకోలేదు. పెరట్లో రేకుల షెడ్డులో పెట్టి, పైన నాన్న కుట్టిన గుడ్డ కవరు కప్పేసి వచ్చాను. ఎందుకు ముట్టుకోలేదని ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డాను. ఎవరూ అడగలేదు.

వాడు పోయిన రెండో నెలలో, ఎండలు ముదిరాక, నాన్న నా షాపుకి వచ్చాడు. నాన్న దర్జీ. తెల్ల చొక్కా తప్ప వేసుకోడు. గ్రీజు అంటుతుందని నా షాపులో స్టూలు మీద కూడా కూర్చోడు. నేను కూతుర్ని కాకపోయుంటే ఆ వీధిలోకే వచ్చేవాడు కాదు. ఆ రోజు మాత్రం చూసుకోకుండా ఆయిలు డబ్బా మీద కూలబడ్డాడు.

"ఆ బండి తీసెయ్యవే" అన్నాడు.

"ఎక్కడికి తీసెయ్యమంటావ్?"

"ఎవరికైనా అమ్మెయ్. ఊరికే ఇచ్చెయ్. నాకు అనవసరం. స్కూళ్ళు తెరిచేలోపు అది మన ఇంట్లో ఉండకూడదు. అదుంటే నేనుండను. మీ బాబాయి దగ్గరికి వెళ్ళిపోతా."

"అమ్మని వదిలేసా?"

చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఏటా ఎండాకాలం రెండు స్కూళ్ళ యూనిఫాంలు ఆయనే కుడతాడు. బట్ట మూటలు అప్పటికే ముందుగదిలోకి వచ్చిపడ్డాయి. ఒక్క ముడీ విప్పలేదని నేను చూస్తూనే ఉన్నాను.

"ఆ శబ్దం, అమ్మాయ్. చెవుల్లోంచి పోవట్లేదు. పొద్దున్నే మొదలవుతుంది. కత్తెర పట్టుకుంటే చెయ్యి నిలవట్లేదు. నిన్న ఓ చొక్కా భుజం అడ్డంగా కోసేశాను. నలభై ఏళ్ళలో ఎప్పుడైనా కోశానా?"

పాపం, కొడుకు జ్ఞాపకం చెవిలో రొద పెడుతోందనుకున్నాను. "నిద్ర పడితే తగ్గుతుంది నాన్నా" అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మనడిగాను. అమ్మ వంటగదిలో గిన్నెలు బోర్లిస్తోంది. వెనక్కి తిరగలేదు.

"అమ్మేయండి. నేనేమైనా వద్దన్నానా? అది ఉంటే ఆయన తిండి కూడా సరిగ్గా తినట్లేదు. అమ్మేయండి."

"నీకు బాధ లేదా?"

"బాధ లేదా అని అడగడానికి వచ్చావా, బండి అమ్ముతానని చెప్పడానికి వచ్చావా?"

మా అమ్మ నోటి ముందు నిలబడ్డం నా వల్ల కాదు. నా నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు?

నలుగురికీ చెప్పాను. ఆ వారంలోనే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, కాలేజీ వాళ్ళు. ఎండెక్కకముందే రమ్మన్నాను కాబట్టి ఏడున్నరకే దిగారు. నేనూ నా గదినుంచి అప్పుడే వచ్చాను. నేనుండేది షాపు వెనకాల గదిలో, ఊరికి ఆ చివర. వాళ్ళని షెడ్డులోకి తీసుకెళ్ళి కవరు తీశాను. ఒకడు బండి చూసి ఈల వేశాడు. రెండోవాడు వాడి తల మీద ఒక్కటిచ్చి, నా వైపు తిరిగి సిగ్గుపడుతూ నవ్వాడు.

"అక్కా, ఏమీ అనుకోవద్దు. నువ్వే చెప్పావుగా మా సీనియర్లకి. ముందు చెయ్యి పెట్టి చూడమని."

"చూడరా, దానికేం. నా పాఠం నాకే అప్పజెప్పు."

వాడు ఇంజన్ మీది సిలిండర్ రెక్కల మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి, అలాగే ఉంచి, నా మొహంలోకి చూశాడు.

"వేడిగా ఉందక్కా."

"రేకుల షెడ్డురా. ఎండ."

"ఎండ ఇంకా గోడ దిగలేదక్కా."

నేను చెయ్యి పెట్టాను. అప్పుడే తాగి పెట్టిన టీ గ్లాసులా ఉంది. అమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఇద్దరూ బుద్ధిగా తాగారు, గ్లాసులు కడిగిమరీ గట్టు మీద పెట్టారు, నమస్కారం పెట్టారు, వెళ్ళిపోయారు. అక్షరం పొల్లుపోకుండా నేను చెప్పినట్టే చేశారు.

తర్వాత వచ్చినాయన ఇటుకల బట్టీ నడుపుతాడు, మేనల్లుడి కోసమన్నాడు. తన మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మెకానిక్కు నాకు తెలిసినవాడే, నెమ్మదస్తుడు. ముందు గొలుసు పట్టి వెనక్కి లాగి చూశాడు, పళ్ళ చక్రం మీంచి లేవలేదు. చక్రం పైకెత్తి ఊపాడు, ఆడలేదు. గాలి వడపోసే స్పాంజి తీసి దాని వెనక గొట్టంలో వేలు పెట్టి తిప్పాడు. దుమ్ము అంటితే ఇంజన్ మట్టి తిన్నట్టు. వేలు శుభ్రంగా వచ్చింది. "బాగా చూసుకున్నాడమ్మా మీ తమ్ముడు" అన్నాడు. ఆ తర్వాత చెయ్యి పెట్టాడు. నా వైపు చూడకుండానే యజమానితో, "ఇంకో రెండు చూసొద్దాం సార్" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో అందరి బండ్ల బాగోతం బయటపెట్టే నేను, నా ఇంట్లో బండిని వేడి చేసి అంటగట్టాలని చూస్తున్నానని రేపటికల్లా టీ కొట్టు దగ్గర చెప్పుకుంటారు. అంతకన్నా ఎక్కువగా, ఎవరో మాతో ఆడుకుంటున్నారన్న కోపం. ట్రాక్ మీది చిన్నోడి స్నేహితులెవరైనా గోడ దూకి వస్తున్నారేమోనని అనుమానం. పట్టుకుంటే కాళ్ళు విరగ్గొడదామని మర్నాడు ఆరుంబావుకే బయల్దేరాను.

వీధి మలుపులో ఉండగానే వినబడింది.

ఆ శబ్దం ఎలా ఉంటుందో చెప్పలేను. మామూలు బండిలా గుడగుడ అనదు, రేకు చించినట్టు ఉంటుంది. ఒక్క క్షణం, ఒట్టు, ఒక్క క్షణమే, వీడింకా ట్రాక్‌కి వెళ్ళలేదా అనుకున్నాను. పక్కింటి గోడ పట్టుకుని నిలబడ్డాను.

పెరటి తలుపు తోసుకుని వెళ్ళేసరికి షెడ్డు నిండా నీలం పొగ. పొగలో అమ్మ. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. పక్కన, ఎక్కి కిక్ కొట్టడానికి పీట వేసుకుంది. ఎడం కాలికి రబ్బరు చెప్పు. కుడి కాలికి చిన్నోడి బూటు. మోకాలి దాకా వచ్చే ప్లాస్టిక్ పలకల బూటు, ఆవిడ కాలు అందులో మునిగిపోయింది. రెండు చేతులూ సిలిండర్ మీద, చలి కాచుకుంటున్నట్టు.

నన్ను చూసి బటన్ నొక్కింది. ఇంజన్ ఆగింది.

"చెప్పుతో కొడితే పాదం నొప్పి" అంది, నేను అడిగింది అదే అన్నట్టు.

నా కోపం ఎటుపోయిందో తెలీదు. పీట మీద కూలబడ్డాను. "ఎన్నాళ్ళనుంచీ?"

"వాడి పదోరోజు నుంచి."

"నీకు కిక్ కొట్టడం ఎవరు నేర్పారే?"

"వాడే. జ్వరం వచ్చి పడుకున్నప్పుడు, రోజూ స్టార్ట్ చెయ్యకపోతే దానికి కోపం వస్తుందమ్మా, నువ్వు చెయ్యి అని మంచంలోంచి అరిచి చెప్పాడు. ముందు కాలితో మెల్లగా నొక్కు, గట్టిగా ఎదురుతంతుంది, అక్కడ ఆగు, మళ్ళీ పైకి రానివ్వు, అప్పుడు మొత్తం బరువుతో తొక్కు. మూడోసారికి వచ్చింది. ఎంత నవ్వాడో." బూటు పట్టీలు విప్పుకుంటూ చెప్పింది. "లీటరు పెట్రోలుకి రెండు మూతల ఆయిలు. మూత మీద గీత కూడా వాడే గీశాడు."

"మరి నాన్న?"

"ఆయన నిద్ర లేచి వీధిలోకి వెళ్ళిపోతాడు. నన్నేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు."

అప్పుడర్థమైంది నాన్న చెవుల్లో శబ్దం ఏమిటో. భార్యని ఒక్క మాట అనలేక, ఆ మాట నా షాపు దాకా మోసుకొచ్చి, నాతో కూడా చెప్పలేక వెళ్ళిపోయాడు.

"అమ్మా, నువ్విలా చేస్తే ఈ జన్మలో బండి అమ్ముడుపోదు. వచ్చినవాళ్ళు ముందు చెయ్యి పెట్టి చూస్తారు. వేడిగా ఉంటే వెళ్ళిపోతారు."

"వేడిగా ఉంటే తప్పేంటి?"

"ముందే స్టార్ట్ చేసి పెట్టారంటే లోపల ఏదో ఉందని, దాస్తున్నారని."

"నేనేం దాస్తానే?" అంది. అరచెయ్యి మళ్ళీ ఇంజన్ మీద పెట్టింది. "ఆస్పత్రిలో వాడి నుదురు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. చేతులు చల్లగా ఉన్నాయి. పాదాలు పట్టుకున్నా, చల్లగా ఉన్నాయి. ఇది కూడా అట్లాగే ఉంటే నా వల్ల కాదే. పొద్దున్న లేవగానే దీన్ని వేడి చేస్తే గానీ పొయ్యి దగ్గరికి పోబుద్ధి కాదు."

ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, పెట్రోలు వాసన వేసింది. అలాగే ఉంచి, చాలా మామూలుగా అడిగింది.

"అయితే మనం కొన్నరోజు? అప్పుడు చల్లగానే ఉందా?"

"చల్లగానే ఉందమ్మా" అన్నాను.

అబద్ధం.

రెండేళ్ళ కిందట, పక్క ఊళ్ళో ఒకాయన వాకిట్లో చూశాం ఆ బండిని. చిన్నోడు దారి పొడుగునా నోరు మూయలేదు. నేను చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. "పొద్దున్నే ఓ రౌండు వేసొచ్చానమ్మా" అన్నాడాయన. చిన్నోడి వైపు చూశాను. వాడు బండి వైపు చూడ్డంలేదు, నా వైపు చూస్తున్నాడు, పరీక్ష రిజల్టు చూసే మొహంతో. ఇంకెవరైనా అయితే భుజం పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. మిగతావన్నీ బాగున్నాయిలే అనుకున్నాను. కిక్ లివర్‌ని చేత్తో నొక్కితే గట్టిగానే ఎదురుతన్నింది. మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజన్ రెండు కిక్కులకే స్టార్టయింది కూడా. అంతటితో మర్చిపోయాను. మర్చిపోయాననుకున్నాను. ఆ రోజు ట్రాక్ మీద వాడి వెనకే బండి నడుపుతూ వస్తున్న కుర్రాడు ఆస్పత్రి వరండాలో ఏడుస్తూ ఓ మాట అన్నాడు: "గాల్లో ఉండగానే శబ్దం ఆగిపోయిందక్కా. యాక్సిలరేటర్ వదిలేశాడో ఏమో." టూ-స్ట్రోక్ ఇంజన్ లోపల పిస్టన్ గోడకి పట్టేస్తే శబ్దం ఆగుతుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది. కాసేపు చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఇది ఆ కుర్రాడికి తెలీదు. నాకు తెలుసు. అందుకే ఆ ఇంజన్ విప్పలేదు.

అబద్ధం చెప్పాక మూడు రోజులు షాపులో ఏ పనీ సవ్యంగా చెయ్యలేకపోయాను. ఒకాయన బ్రేకులు బిగించడం మర్చిపోయి పంపించేశాను, వీధి చివరిదాకా పరిగెత్తి ఆపాను. ఇలా అయితే ఇంకెవరి పిల్లాడినో చంపేస్తానని భయం వేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం షాపు మూసి పనిముట్ల సంచీతో ఇంటికెళ్ళాను.

"అమ్మా, టార్చి పట్టుకో. ఇంజన్ విప్పుతున్నాను."

"ఎందుకు?"

"అమ్మేటప్పుడు లోపల ఎలా ఉందో చెప్పాలి కదా."

అమ్మ టార్చి పట్టుకుని ఎదురుగా పీట మీద కూర్చుంది. ట్యాంకు దించాను. సైలెన్సర్ తీశాను. సిలిండర్ మూత నట్లు నాలుగూ విప్పాను. నట్ల మూలలు అరిగిపోయి ఉన్నాయి. మాకన్నా ముందెవరో సరిపడని స్పానర్‌తో విప్పారన్నమాట. కొన్నరోజు అది కూడా చూడలేదు. సిలిండర్ మెల్లగా పైకి లాగాను. పిస్టన్ బయటికొచ్చింది. గుడ్డతో తుడిచి తిప్పి చూశాను.

పొగ బయటికి పోయే వైపు, పైనుంచి కిందికి, నాలుగు గీతలు. గోరు పెట్టి అడ్డంగా గీశాను. గోరు పట్టుకుంది.

"ఏంటవి?" అంది అమ్మ.

"గీతలు."

"ఉండకూడదా?"

"ఉండకూడదు. లోపల ఒకసారి పట్టేసినట్టు."

"ఎప్పుడు? ఆ రోజా?"

"తెలీదమ్మా. ఆ రోజే అయ్యుండొచ్చు. మనం కొనకముందే అయ్యుండొచ్చు. చూస్తే తెలీదు." టార్చి వెలుతురు కదలకుండా నా చేతుల మీదే ఉంది. నేను తలెత్తలేదు. "కొన్నరోజు ఇంజన్ వేడిగా ఉందమ్మా. చెయ్యి పెట్టి చూశాను. వేడిగానే ఉంది. వాడి మొహం చూసి వద్దనలేకపోయాను. మొన్న నీకు అబద్ధం చెప్పాను."

టార్చి ఆరిపోయింది. ఆరిపోలేదు, అమ్మ ఆర్పింది. లేచి, దాన్ని పీట మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. వంటగది తలుపు మూసిన చప్పుడు వినబడింది. సాయంత్రం దాకా షెడ్డులోనే కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు.

అయిదు రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. నేను రోజూ వెళ్ళాను. కొత్త పిస్టన్ తెప్పించాను, రింగులు మార్చాను, సిలిండర్ లోపల సాన పట్టించాను. క్రాంకు పక్కల గాలి చొరబడకుండా ఉండే రబ్బరు సీళ్ళు కూడా మార్చాను, పాతవి బాగానే ఉన్నా. నాన్న ఒకట్రెండు సార్లు షెడ్డు గుమ్మం దాకా వచ్చి నిలబడి వెళ్ళాడు. ఆ అయిదు రోజులూ పొద్దున్నే శబ్దం లేదు. అయినా ఆయన కత్తెర పట్టుకోలేదు. తిడితే బాగుండునని అమ్మ చుట్టూ తిరిగాను. మా అమ్మ తిట్టకపోవడమంటే ఏమిటో మా ఇంట్లో వాళ్ళకే తెలుస్తుంది.

ఆరో రోజు ఇంజన్ బిగించడం పూర్తయింది. వంటగది గుమ్మంలో నిలబడి, గోడతో చెప్పినట్టు చెప్పాను.

"కొత్త పిస్టన్ ఒక్కసారిగా పనిలోకి దిగదు. ఓ అయిదు రోజులు, రోజూ కాసేపు వేడి చెయ్యాలి, పూర్తిగా చల్లారనివ్వాలి, మళ్ళీ వేడి చెయ్యాలి. అప్పుడే లోపల కుదురుకుంటుంది. నాకు పొద్దున్నే రావడం కుదరదు."

కుదరకపోవడమేం లేదు. అది అమ్మకీ తెలుసు.

అమ్మ కూర తరుగుతోంది. తరుగుతూనే అంది, "ఎంతసేపు?"

"చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా."

మరో రెండు ముక్కలు తరిగింది. కత్తి పక్కన పెట్టింది.

"నువ్వు ఇంజన్ మీద చెయ్యి పెట్టావు. వాడి మొహమూ చూశావు. నేనైనా వాడి మొహమే చూసేదాన్ని" అంది. "కూర్చో, అన్నం పెడతా. ఎముకలు లెక్కపెట్టేలా తయారయ్యావు."

తిన్నాను. ఆ మాటతో నా మీంచి బరువు దిగిపోయిందని చెప్పను. ఈ రోజుకీ దిగలేదు. కానీ ఆ రోజు అన్నం గొంతు దిగింది.

అయిదు రోజులూ అమ్మ బూటు తొడుక్కుని ఇంజన్ వేడి చేసింది. ఆ అయిదు రోజుల్లో నాన్న వీధిలోకి వెళ్ళడం మానేశాడు. ముందుగదిలో కుర్చీలో కూర్చుని, శబ్దం ఆగేదాకా ఉండి, అప్పుడు లేచేవాడు. నాకు చెప్పలేదు, పక్కింటావిడ చెప్పింది.

స్కూళ్ళు తెరవడానికి పదిహేను రోజులుందనగా కొనే మనిషి దొరికింది. ఇళ్ళల్లో కరెంటు పని చేసే అమ్మాయి, పాతికేళ్ళుంటాయి, లావు కళ్ళజోడు. ట్రాక్ మీద అద్దె బండితో నేర్చుకుంటోందట. ఫోన్లోనే అంతా చెప్పాను. బండి ఎవరిది, వాడు ఎలా పోయాడు, లోపల ఏం చూశాను, ఏం మార్చాను. అంతా విని, "పాత పిస్టన్ పారెయ్యకండి, చూడాలి. రేపు పొద్దున్నే వస్తానండీ" అంది. నచ్చింది నాకు.

ఆ రాత్రి అమ్మకి చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడ్డాను. రేపు స్టార్ట్ చెయ్యకమ్మా అని ఏ నోటితో చెప్పను? చివరికి చెప్పలేదు. అమ్మాయి వస్తోందని మాత్రం చెప్పాను.

పొద్దున్న ఏడున్నరకి వచ్చింది. నేనూ అప్పుడే చేరాను. షెడ్డు గోడకి బూటు ఆనించి ఉంది, తుడిచి, పట్టీలు బిగించి. అమ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది, చెంగు భుజం చుట్టూ కప్పుకుని. స్నానం చేసి ఉంది. కళ్ళు చూస్తే నిద్రపోలేదని తెలుస్తోంది.

ఆ అమ్మాయి ముందు పాత పిస్టన్ అడిగి తీసుకుంది. కళ్ళజోడు పైకి తోసి గీతలు చూసింది, నాలాగే గోరు పెట్టి గీసింది, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టింది. తర్వాత బండి దగ్గరికెళ్ళి, ఒంగి, అరచెయ్యి ఇంజన్ మీద పెట్టింది. నేను అమ్మ వైపు చూడలేదు.

"చల్లగా ఉందండీ" అంది ఆ అమ్మాయి, తృప్తిగా. "బాగా చల్లగా ఉంది."

ఆ అమ్మాయి బండి ఎక్కి మొదటి కిక్ కొట్టింది. రాలేదు. రెండోది. రాలేదు. గుమ్మంలోంచి అమ్మ గొంతు వినబడింది.

"చోక్ సగమే లాగమ్మా. నిండా లాగితే దానికి ఊపిరాడదు."

మూడో కిక్కుకి స్టార్టయింది. నీలం పొగ కొంచెం వచ్చి పల్చబడింది. ఆ అమ్మాయి చెవి ఒగ్గి వింటోంది, నేనూ వింటున్నాను. లోపల ఏ టకటకా లేదు. శుభ్రంగా ఉంది.

"తీసుకుంటానండీ" అంది.

అప్పుడు అమ్మ మెట్లు దిగి వచ్చింది. "ఒక్క నిమిషం ఆపకు తల్లీ" అని, బండి పక్కన నిలబడి, సిలిండర్ మీద చెయ్యి పెట్టింది. ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఉండనిమ్మని తలూపాను.

అమ్మ కళ్ళు మూసుకుంది. ఇంజన్ నడుస్తూనే ఉంది. చల్లటి రెక్కలు ముందు గోరువెచ్చగా అవుతాయి, తర్వాత వేడెక్కుతాయి, ఆ తర్వాత ఎవరూ చెయ్యి ఉంచరు. నాకు తెలుసు ఎంతసేపు పడుతుందో. ఆ సేపు దాటిపోయింది. అమ్మ చెయ్యి తియ్యలేదు.

ముందుగది తలుపు తీసుకుని నాన్న వచ్చాడు. మెడలో టేపు వేలాడుతోంది. ఆ షెడ్డులోకి ఆయన అడుగుపెట్టడం చిన్నోడు పోయాక అదే మొదలు. నేరుగా వచ్చి అమ్మ మణికట్టు పట్టుకున్నాడు.

"చాలు లేవే. చెయ్యి కాలుతుంది."

"ఇంకొంచెం సేపు" అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.

ఆయన లాగలేదు. అలాగే పట్టుకుని పక్కన నిలబడ్డాడు. అమ్మ పెదవి వణకడం మొదలయ్యాక, తనే మెల్లగా ఆ చేతిని తీసి, తన తెల్ల చొక్కాకి ఆనించుకున్నాడు. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. చొక్కా మీద మసి గీతలు పడ్డాయి. ఆయన చూసుకోలేదు.

ఆ అమ్మాయి ఇంజన్ ఆపి, బండి దిగి, హ్యాండిల్ పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలీక నిలబడింది. రెండేళ్ళ కిందట పెరటి గేటులోంచి ఆ బండిని లోపలికి తెచ్చింది నేను. వెళ్ళి గేటు తీశాను.